పెదవి దాటిన మాట

పెదవి దాటితే పృథివి దాటుతుందని మన పెద్దవాళ్ళు ఒక మాట అంటూ ఉంటారు. నోట్లో నువ్వుగింజ నానని వాళ్ళకు చేసే హెచ్చరిక అది. పెద్దదాన్నయి, సంసారంలో పడి, నలుగురి ఇళ్ళల్లోకి తొంగి చూడడమే వృత్తిగా పెట్టుకున్నాక (నవలలు రాయడమంటే అంతేగా మరి!) ఆ సామెత మీద నాకు కాస్త అనుమానం పట్టుకుంది. ఎదుటివాళ్ళ గుట్టయితే పృథివి దాటుతుంది, సందేహం లేదు. తన గోడు తాను చెప్పుకున్న ఆడదాని మాట మాత్రం పెదవి దాటుతుంది, వంటింటి గడప దాటుతుంది, అతి కష్టం మీద వసారా దాకా వస్తుంది. అక్కడ ఆగిపోతుంది.

ఎవరు ఆపారు దాన్ని? ఇంకెవరు, ఇంటి యజమానే అంటారు మీరు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ మా తెనాలిలోనూ, చుట్టుపక్కల బాపట్ల, రేపల్లెల్లోనూ నాకు తెలిసిన ఇళ్ళను ఒక్కొక్కటే తలుచుకుంటే ఆ జవాబు సరిపోలేదు. మాట యజమాని చెవిదాకా వెళ్తే కదా, ఆయన ఆపడమో వినడమో! అసలు అక్కడిదాకా పోకుండానే మధ్యలో ఎక్కడో హరించుకుపోతోంది.

ఈ ప్రశ్నకు జవాబు ఏ వేదాంత గ్రంథంలోనో ఉంటుందనుకున్నాను. ఆకాశంలో కనబడింది. నవ్వకండి. మా అక్క కూతురు ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసింది. సంక్రాంతికి వచ్చినప్పుడు రాత్రిపూట డాబా మీద కూర్చుని, "పిన్నీ, నువ్వు కథలు రాస్తావు కదా, నీకొక కథ చెప్పనా?" అంది. నేను చరిత్ర, తెలుగు చదువుకుని బి.ఏ. గట్టెక్కినదాన్ని. లెక్కలు లేకుండా చెపితే వింటానన్నాను. లెక్కలు లేకుండానే చెప్పింది పిల్ల, ఒక్కటి తప్ప. ఆ ఒక్క లెక్కలోనే ఉంది అసలు సంగతంతా.

కొన్ని పెద్ద నక్షత్రాలు ఆయుష్షు తీరి పేలిపోయాక నడుమ ఒక ముద్ద మిగులుతుంది. దాన్ని న్యూట్రాన్ నక్షత్రం అంటారు. బరువు చూస్తే సూర్యుడి కన్నా ఎక్కువ. వెడల్పు చూస్తే 20 కిలోమీటర్లు. అంటే తెనాలిలో రేపల్లె రైలెక్కితే, రేపల్లె రాకముందే నక్షత్రం ఆ చివర వచ్చేస్తుంది. ఆ పదార్థం ఒక చెంచాడు తీస్తే వందల కోట్ల టన్నులు తూగుతుందట. వాటిలోనూ కొన్నిటి అయస్కాంతశక్తి మరీ విపరీతం. మనకు దిక్సూచి ముల్లును ఉత్తరానికి తిప్పే భూమి అయస్కాంతశక్తి ఉంది చూడండి, దానికి కోటి కోట్ల రెట్లు పైమాటే. 1992లో రాబర్ట్ డంకన్, క్రిస్టఫర్ థాంప్సన్ అనే శాస్త్రజ్ఞులు వీటికి మాగ్నెటార్లని పేరు పెట్టారు.

మాగ్నెటార్‌కు పైన ఒక పెంకు ఉంటుంది. ఉక్కు దాని ముందు వెన్నముద్ద. లోపలి అయస్కాంతశక్తి ఆ పెంకును మెలిపెడుతూ ఉంటుంది. పెంకు ఓర్చుకుంటుంది. చాలాకాలం ఓర్చుకుంటుంది. ఒకనాడు ఎక్కడో ఒకచోట పుటుక్కుమంటుంది. భూమికి భూకంపం వచ్చినట్టు నక్షత్రానికి కంపం అన్నమాట. అలాంటి సమయాల్లోనే దాని నుంచి ఒక రేడియో కేక పుడుతుందని శాస్త్రజ్ఞుల ఊహ.

కేక అన్నది నేను పెట్టుకున్న పేరు. చెవికి వినబడేది కాదు. మన ఇళ్ళల్లో విజయవాడ స్టేషను పలికే రేడియో తరంగాల జాతిదే. సెకనులో వెయ్యోవంతో, రెండు మూడు వంతులో ఉంటుంది, అంతే. రెప్పపాటు కాలం దాని ముందు ఒక యుగం. ఆ లిప్తలోనే, దూరపు గెలాక్సీల నుంచి వచ్చే కేకలు కొన్ని, మన సూర్యుడు రోజుల తరబడి వెదజల్లే శక్తినంతా ఒక్కసారిగా వెదజల్లుతాయట.

మొట్టమొదటి కేక సంగతి వినండి. 2001 జూలై 24న ఆస్ట్రేలియాలోని పార్క్స్ అనే చోట, 64 మీటర్ల పెద్ద పళ్ళెం లాంటి రేడియో దూరదర్శినికి అది అందింది. అందినట్టు ఎవరికీ తెలియదు. యంత్రం రాసి పెట్టుకుంది, మనుషులు చూసుకోలేదు. ఆరేళ్ళ తర్వాత, 2007లో, డంకన్ లోరిమర్ అనే శాస్త్రజ్ఞుడు, డేవిడ్ నర్కెవిక్ అనే ఆయన విద్యార్థి పాత రికార్డులు తిరగేస్తుంటే బయటపడింది. ఆరేళ్ళపాటు కేక అక్కడే ఉంది. విన్నవాడు లేక లేనట్టే ఉంది.

బయటపడ్డాక మాత్రం నమ్మారా? లేదు. అలాంటి పోలికలతోనే మరికొన్ని సంకేతాలు అదే దూరదర్శినికి అందుతుండేవి. అవి ఆకాశం నుంచి వచ్చినవి కావని తెలుస్తోంది, ఎక్కణ్ణుంచో తెలియడం లేదు. దాంతో 2007 నాటి కేక మీద కూడా అనుమానపు నీడ పడింది. చివరికి 2015లో తేలింది. అక్కడి సిబ్బంది తిండి వేడి చేసుకునే మైక్రోవేవ్ పొయ్యి! పని పూర్తికాకుండానే ఎవరో ఆత్రంగా తలుపు లాగినప్పుడల్లా ఆ సంకేతం పుడుతోంది. అసలు కేక మాత్రం అసలుదేనని, వంటింటిది కాదని ఆ పరీక్షతోనే రుజువయింది. ఆకాశాన్ని గురించిన ఇంత పెద్ద అనుమానం వంటింట్లో తీరిందంటే నాకెందుకో భలే సంతోషం వేసింది.

ఆ తర్వాత మన పాలపుంతలోనే, సుమారు 30 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఒక మాగ్నెటార్ 2020 ఏప్రిల్ 28న అలాంటి కేక పెట్టింది. ఆ నక్షత్రం పేరు రైలు నెంబరులా ఉంటుంది, ఎస్‌జీఆర్ 1935+2154. కెనడాలో ఒక దూరదర్శిని, అమెరికాలో మరొకటి ఒకేసారి విన్నాయి. కేకలు పెట్టేవాళ్ళల్లో మాగ్నెటార్లు ఉన్నాయని ఆనాటితో రూఢి అయింది. మన దేశంలో పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల పళ్ళేలు 30 ఉన్నాయి. అవీ ఇలాంటి కేకల్ని విన్నాయి.

"ఇంతవరకు బాగానే ఉంది పిన్నీ, అసలు చిక్కు ఇక్కడుంది. అంత పట్టున్న చోటునుంచి ఆ కేక బయటికెలా వచ్చింది?" అంది మా పిల్ల.

నక్షత్రం చుట్టూ అయస్కాంత ఆవరణ ఉంటుంది. అందులో ఎలక్ట్రాన్లు, వాటికి సరిజోడైన పాజిట్రాన్లు నిండి ఉంటాయి. కేక వాటి మధ్యలోంచే రావాలి. నక్షత్రానికి మరీ దగ్గరగా ఉన్న కణాలతో పేచీ లేదట! అయస్కాంతశక్తి వాటిని ఎంత గట్టిగా పట్టుకుని ఉంటుందంటే, గుంజకు దగ్గరగా కట్టేసిన గొడ్డులాగా అవి మెడ తిప్పలేవు. కేక వాటిని ఊపలేదు, అవి కేకను ఆపలేవు. మెల్లగా దాటిపోతుంది.

ఇప్పుడు ఆ ఒక్క లెక్క చెపుతాను. దూరం రెట్టింపయితే నక్షత్రం పట్టు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కేక బలం మాత్రం సగమే తగ్గుతుంది. అంటే కొంత దూరం పోయేసరికి పట్టు కన్నా కేకే పెద్దదవుతుంది. ఇక దాటేసినట్టే అనుకుంటాం కదూ? అక్కడే ఉంది ప్రమాదం. అక్కడి కణాలకు పలుపు వదులయింది. కేక తగలగానే అవి చిందులు తొక్కుతాయి. ఆ చిందులకు కావలసిన బలం ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాయి? కేక నుంచే. దాని బలాన్ని తినేసి, దాన్ని తలో దిక్కుకూ చెదరగొడతాయి. ఆ ఉద్రేకంలో గామా కిరణాలు కక్కుతాయి. వాటిలోంచి మళ్ళీ కొత్త కణాలు పుడతాయి. గుంపు ఇంకా పెరుగుతుంది. కేక ఎంత పెద్దదయితే చుట్టూ గోడ అంత మందమవుతుందన్నమాట.

2021లో ఆండ్రే బెలోబొరోదోవ్ అనే శాస్త్రజ్ఞుడు లెక్కగట్టి, ఇంత బలమైన కేక ఆ ఆవరణ లోపల పుడితే బయటపడలేదని, నక్షత్రానికి బహుదూరంలో ఎక్కడో పుట్టి ఉండాలని వాదించాడు. మరుసటి ఏడే యువాన్‌హాంగ్ చూ, పవన్ కుమార్, బింగ్ జాంగ్ అనే ముగ్గురు కలిసి, రాగలదు అన్నారు. వాళ్ళు చెప్పిన కారణం నాకు ఎంతో నచ్చింది. నక్షత్రపు ధ్రువాల దగ్గర అయస్కాంత రేఖలు తిరిగి లోపలికి వంగకుండా బయటికి తెరుచుకుని ఉంటాయి. ఆ దారిలో కణాలు ఊరికే నిలబడి ఉండవు. దాదాపు వెలుగంత వేగంతో అవీ బయటికే పోతుంటాయి. కేకా అటే, అవీ అటే. తనతో పాటు పరుగెత్తేవాళ్ళను కేక పెద్దగా ఊపదు. వాళ్ళూ దాన్ని చెదరగొట్టరు. దారి తెరుచుకుంటుంది.

వాదం ఇంకా పూర్తిగా తెగలేదు. కానీ 2025 జనవరిలో ఒక సాక్ష్యం అచ్చయింది. 2022 అక్టోబరులో 20 కోట్ల కాంతి సంవత్సరాల అవతలి నుంచి వచ్చిన ఒక కేకను కెంజీ నిమ్మో అనే ఆమె, ఆమె తోటివాళ్ళు పరిశీలించారు. నక్షత్రాలు మిణుకుమంటాయి, గ్రహాలు అంతగా మిణుకుమనవు కదా. చుక్కంత చిన్నగా కనబడేదే మిణుకుమంటుంది. ఈ కేక కూడా మిణుకుమంది. దాన్నిబట్టి అది పుట్టిన చోటు మహా అయితే కొన్ని పదివేల కిలోమీటర్లు దాటదని, అంటే నక్షత్రాన్ని అంటిపెట్టుకుని ఉన్న ఆవరణలోనేనని తేల్చారు. అంటే లోపల పుట్టిన కేక కనీసం ఒక్కటి, ఆ గుంపునంతా దాటుకుని, మన దాకా వచ్చింది.

ఈ కథ వింటున్నంతసేపూ నా బుద్ధి రేపల్లెలోని మా మేనత్త ఇంటి మీదే ఉంది. మా తాతగారు ఆవిడకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరంన్నర మాగాణి ఉంది. కొన్నేళ్ళ కిందట కొడుకులు దాన్ని అమ్మేద్దామని బేరం చూసి, బయానా కూడా పుచ్చుకుని, కాయితాలు సిద్ధం చేశారు. సంతకం పెట్టవలసింది ఆవిడ. "నేను పెట్టను" అంది. మొదటిసారి అన్నప్పుడు ఆడపడుచు, "ఇప్పుడెందుకులే వదినా, పండగపూట" అంది. రెండోసారి అన్నప్పుడు తోడికోడలు, "అక్కయ్యకు బి.పి. ఎక్కువయినట్టుంది" అంది. ఎదురింటావిడ, "కొడుకుల కన్నా ఎక్కువా అమ్మా పొలం?" అంది. ఒక్కొక్కరూ ఆ మాటలోంచి పిసరంత పిసరంత పట్టుకెళ్ళి వీధిలో వంద మాటలు చేశారు. మా మామయ్య చెవిదాకా అసలు మాట పోనేలేదు. ఆయన కాదనలేదు, ఔననలేదు.

మూడోసారి భోజనాల దగ్గర అంది. వడ్డిస్తున్న కొత్త కోడలు, కాపరానికి వచ్చి ఆరునెలలు కాలేదు, పెరుగు గిన్నె కింద పెట్టి, "మామయ్యగారూ, అత్తయ్య పెట్టనంటున్నారు. ఎందుకో అడగండి" అంది.

ఆ పిల్ల అత్తగారిది న్యాయమని అనలేదు. కొడుకులది తప్పనీ అనలేదు. ఎందుకో అడగమంది, అంతే. ఆయన తలెత్తి, "ఎందుకే?" అన్నాడు. నలభై ఏళ్ళ కాపరంలో ఆయన భార్యను ఎందుకని అడగడం ఎన్నోసారో నాకు తెలియదు. "రేపు మందుబిళ్ళకయినా ఒకరి ముందు చెయ్యి చాచకుండా ఉండాలని" అంది ఆవిడ. పొలం ఇవాళ్టికీ ఆవిడ పేరుతోనే ఉంది. పెద్దకొడుకు మాటల్లో ముల్లు ఇంకా పూర్తిగా పోలేదనుకోండి, అది వేరే సంగతి.

బాపట్లలో నా స్నేహితురాలి పక్కింటి అమ్మాయి సంగతి దీనికి ఎదురు. "ఈ సంబంధం నాకొద్దు" అంది మెల్లగా. ఎవరూ వినలేదు. గట్టిగా అంది. చివరికి వీధికి వినబడేలా అరిచింది. అప్పుడు మాత్రం అందరూ విన్నారు, ఆ గొంతును. "ఆడపిల్లకు అంత గొంతేమిటి?" అని ఒకరు, "చదువులు ఇలా తగలబడ్డాయి" అని ఒకరు. రెండు రోజుల పాటు ఆ ఇంట్లో పంచాయితీ అంతా గొంతు మీదే జరిగింది. ఆ గొంతు ఏం చెప్పిందో ఎవరికీ జ్ఞాపకం లేదు. పెళ్ళయింది. మూడేళ్ళు తిరక్కుండా ఏడాది పిల్లవాడితో పుట్టింటికి వచ్చేసింది. "అప్పుడు వద్దన్నావు గదా, ఏం తెలిసి వద్దన్నావమ్మా?" అని ఇప్పుడు అడుగుతున్నారు. పాత రికార్డులు తిరగేస్తున్నారన్నమాట. ఆకాశంలోని కేకకయితే ఆరేళ్ళు ఆలస్యమయినా నష్టం లేదు. మనిషికి అలా కాదు.

ఆడపిల్లలకు మనం చెప్పే బుద్ధులన్నీ మాట చెప్పే తీరు మీదే ఉంటాయి, గమనించారా? మెల్లగా చెప్పు. సమయం చూసి చెప్పు. నవ్వుతూ చెప్పు. మాట చేరకపోతే లోపం చెప్పినవాళ్ళదే అన్నట్టు! మాగ్నెటార్ కథ విన్నాక నాకు అది సగం నిజమే అనిపిస్తోంది. బలం పెరిగినంత మాత్రాన దారి దొరకదన్న సగం నిజమే. కానీ దారి ఉండడం, లేకపోవడం చుట్టూ ఉన్నవాళ్ళ మీద ఆధారపడి ఉంది. అదీ, మరీ కట్టుబడి మెడ తిప్పలేనివాళ్ళ మీద కాదు. పలుపు కాస్త వదులయినవాళ్ళ మీద. మాట వింటాం, ఉలిక్కిపడతాం, దాని బలంతోనే మనం నాలుగు మాటలు మాట్లాడతాం, దాన్ని చెదరగొడతాం. ఇంత అధికారం ఉందని మనకు తెలియదు. అమ్మలక్కలం, ఆడపడుచులం, తోడికోడళ్ళం, స్నేహితురాళ్ళం, అందరం ఆ మధ్య ప్రదేశంలోనే ఉన్నాం.

"అయితే ఎవరేం చెప్పినా తాన తందానా అనాలా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అన్ని కేకలూ ఆకాశానివి కావు, కొన్ని మైక్రోవేవ్ పొయ్యివి. నిజమే. కానీ అది పొయ్యి అని ఎలా తెలిసింది? విని, రాసిపెట్టి, వెనకాల పడి వెదికితేనే తెలిసింది. వినకముందే ఇది పొయ్యిలే అని కొట్టిపారేసి ఉంటే, పొయ్యీ తెలిసేది కాదు, నక్షత్రమూ తెలిసేది కాదు. మాటతో ఏకీభవించడం వేరు, మాటను చేరనివ్వడం వేరు. మొదటిది బుద్ధికి సంబంధించినది, ఆలోచించుకుని చెయ్యవచ్చు. రెండోది ధర్మానికి సంబంధించినది. దానికి ఆలోచన అక్కర్లేదు. చేరిన తర్వాత ఒప్పో తప్పో తేల్చుకోవడానికి బోలెడు వ్యవధి ఉంటుంది.

ఇది ఇళ్ళకే పరిమితమైన సంగతి కూడా కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పేరెత్తితే మా వైపు ముసలివాళ్ళకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. వేలమంది పోయారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. పంటలు పోయాయి గాని, మనుషుల్ని ముందే తీరం నుంచి తరలించారు. వాతావరణశాఖ యంత్రాలు మెరుగయ్యాయి, ఒప్పుకుంటాను. అయితే యంత్రం చెప్పిన మాట చేపలవేటకు పోయేవాడి గుడిసె దాకా ఒంటరిగా నడిచిపోలేదు. ఎవరో ఒకరు దానితో పాటు నడవాలి.

ఓర్పు మాటేమిటంటారా? మనం ఆడవాళ్ళను భూదేవితో పోలుస్తాం. ఓర్పు మంచి గుణమే, పిల్లల్ని పెంచినవాళ్ళెవరూ కాదనరు. కానీ చెప్పే దారి లేక ఊరుకోవడాన్ని కూడా ఓర్పు అని పిలిచి దండలు వేస్తే, అది పెంకులో మెలి పెరగడమే. నక్షత్రానికి నొప్పి లేదు గనక ఎంత మెలి పెట్టినా అడిగేవాళ్ళు లేరు. ఇంతవరకే ఈ పోలిక. మనిషికి నొప్పి ఉంది.

పక్కన నడిచేవాళ్ళు లేకపోతే మాట్లాడకూడదా మరి? తప్పకుండా మాట్లాడాలి. అయిదు నిమిషాల్లో ఎవరయినా వింటారని హామీ తీసుకుని నక్షత్రం కేక పెట్టలేదు. చెప్పడం చెప్పేవాళ్ళ వంతు. పెదవి దాటాక మిగతా దూరమంతా మన వంతు.

ఆ దూరం ఎంతో పెద్దదేమీ కాదు. నలుగురూ ఉన్నచోట ఎవరో తగ్గు గొంతుతో ఒక మాట అంటారు. పక్కన మనం ఉంటాం. అప్పుడు సర్దుబాట్లు, సలహాలు, ఓదార్పులు అన్నీ కాసేపు పక్కన పెట్టి, "ఆవిడ ఏదో అంటున్నారు, ఎందుకో అడగండి" అంటే చాలు. ఆ కొత్త కోడలికి పెరుగు గిన్నె కింద పెట్టినంత సేపు పట్టింది.